ప్రార్థన నూనె

"వాడు పొద్దున ఏమైనా తిన్నాడో లేదో! ఖాళీ కడుపుతో ఆ తోలు సూటు బిగించుకుని ఎండలో నిలబడితే కళ్ళు తిరగవూ? బండి మీద ఉండగా తిరిగితే?" అంది హెప్సిబా, అద్దం ముందు జడకి రబ్బరు బ్యాండు చుట్టుకుంటున్న కూతురితో.

బ్లెస్సీ వెనక్కి తిరగలేదు. "అన్నయ్య ఇడ్లీలు తిన్నాడంట. బెన్నీ అన్న మెసేజ్ పెట్టాడు."

"ఎక్కువ తిన్నాడేమో. కడుపు నిండితే నిద్రమత్తు వస్తుందే."

"అమ్మా, నువ్వు చర్చికి రా. అక్కడ కూర్చుని భయపడుదువుగాని. ఫ్యానన్నా ఉంటుంది."

తలనొప్పిగా ఉంది, రానంది. బ్లెస్సీ బైబిలు సంచీలో పెట్టుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, "రేసు అవగానే అన్నయ్యే చేస్తాడు. నువ్వు ముందే చెయ్యకు. వాడి ఫోను బెన్నీ అన్న దగ్గరుంటుంది," అని చెప్పి మెట్లు దిగిపోయింది.

తలనొప్పి ఏమీ లేదు. ఆ చర్చిలో, ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చోవడానికి ఇవాళ ఆమెకు మొహం చెల్లలేదు, అంతే. ఆదివారం గవర్నర్‌పేట గవర్నర్‌పేటలా ఉండదు. హోల్‌సేలు కొట్ల షట్టర్లన్నీ దిగిపోయి, లాడ్జీ ముందు ఆటోలవాళ్ళు వెనక సీట్లో కాళ్ళు బారజాపి కునుకు తీస్తూ, సందంతా జ్వరం తగ్గిన మనిషిలా నీరసంగా పడి ఉంటుంది. మామూలు రోజుల్లో తను తిట్టుకునే ఆ హారన్ల గోలే ఇప్పుడుంటే బావుండుననిపించింది. ఇంత నిశ్శబ్దంలో మోగని ఫోను మరీ గట్టిగా వినపడుతోంది. దాన్ని కుట్టుమిషను బల్ల మీద బోర్లా పెట్టింది, మళ్ళీ వెల్లకిలా తిప్పింది, చార్జింగు చూసింది, సౌండు పెరిగే ఉందో లేదో చూసింది. ఇప్పటికి హెల్మెట్ పెట్టుకుని ఉంటాడు. గడ్డం కింద ఆ క్లిప్పు సరిగా పడిందో లేదో. చిన్నప్పుడు చొక్కా గుండీలు ఒకటి వదిలేసి ఇంకోటి పెట్టుకునేవాడు. స్కూలుకి వెళ్ళేటప్పుడు తనే వంగి మళ్ళీ మొదటినుంచీ పెట్టేది. ఇప్పుడక్కడ ఎవరు చూస్తారు? ఫిలిప్‌కి చేద్దామా అనుకుంది. భర్త బస్సు డ్రైవరు, ఇవాళ బందరు బస్సు మీదున్నాడు, డ్యూటీలో ఫోను సంచీలో పడేస్తాడు, ఈపాటికి ఉయ్యూరు దాటి ఉంటాడు. దాటాడో లేదో. ఆయన్ని డ్యూటీకి పంపిన ప్రతి పొద్దున్నా ఈమె ఇలాగే కూర్చుంది, ఇన్నేళ్ళూ, ఒక్క రోజు కూడా ఏమీ జరగలేదు, జరగనందుకు ధైర్యం రావాల్సింది పోయి, జరగాల్సిందేదో వడ్డీ పోగేసుకుంటూ ఎక్కడో పెరుగుతోందని భయం వేసేది. ఆ వడ్డీ అంతా ఇవాళ, ఎక్కడో చెన్నై అవతల, వాడి మీద పడదు కదా?

వాడు అంటే జాన్ పాల్. ఆ పేరు వాళ్ళ నాయనమ్మ పెట్టింది, ఇంట్లో జానీ. బీటెక్ అయిపోయి, బెన్నీ హెల్మెట్ల కొట్లో ఊరికే కూర్చుంటానని చేరినవాడు. ఈ భూతాన్ని వాడి నెత్తికెక్కించింది బెన్నీ అని చర్చిలో అందరూ అనుకుంటారు, ఫిలిప్ కూడా అంటాడు. బెన్నీ కాదు. పంపింది తను. కృష్ణ కరకట్ట మీద జానీ, వాడి స్నేహితులు పోటీలుపడి తోలే రోజుల్లో, రాత్రి భోజనాలయ్యాక సందు చివర బండి చప్పుడు వినపడితే తోముతున్న గిన్నె వదిలేసి తను మెట్ల దగ్గరికి పరిగెత్తేది. వెంకటపాలెం మలుపులో ఎవడు బండిని ఎంత పడుకోబెట్టి తిప్పాడో వీడియోలు తీసుకునేవాళ్ళు. వీడి స్నేహితుడు ప్రద్యుమ్న, తను పెట్టిన చేపల పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్న పిల్లాడు, కంకిపాడు దాటాక వెనక లైటు లేని ట్రాక్టరు కిందకి వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ శాంభవిగారు ఆ రోజు ఏడవలేదు. పిల్లాడి బూటు ఒకటి పట్టుకుని, రెండోది ఏదని వచ్చినవాళ్ళందరినీ అడిగింది. ఆ ఇంట్లోంచి వచ్చాకే తను బెన్నీ కొట్టుకెళ్ళి, కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి, "వీడి చేత ఈ తోలడం మానిపించరా నాయనా," అంది. బెన్నీ బుర్ర గోక్కున్నాడు. "మానడు ఆంటీ. మానిపించలేం. కానీ ట్రాక్ డేకి పంపండి, ఆ రోజు చెన్నై అవతల ట్రాకు మీద ఎవరైనా డబ్బు కట్టి తోలుకోవచ్చు. మా కస్టమర్లు చాలామంది వెళ్తారు. అక్కడ లారీ ఉండదు, గేదె ఉండదు, ఎదురొచ్చేవాడు ఉండడు. అంబులెన్సు తయారుగా నిలబెట్టి ఉంటుంది. ఇష్టమొచ్చినంత తోలుకుని, దురద తీరి, ఇంటికొచ్చి పడుకుంటాడు. అది రేసు కాదాంటీ."

అది రేసు కాదు. ఆ ముక్క ఆమెకు బైబిలు వాక్యంలా నచ్చింది. ఫిలిప్ వద్దంటే, "రోడ్డు మీద చావమంటారా?" అని నోరు మూయించింది. మొదటిసారి తనే వెంట వెళ్ళింది, స్టీలు డబ్బాలో పులిహోర కట్టుకుని. షామియానా కింద కుర్చీ వేశారు. ఎవరో తమిళాయన, కోచ్ అంటారట, పిల్లలందర్నీ నిలబెట్టి, మలుపులో ఎవరూ ఎవర్నీ దాటకూడదు, ఇక్కడ కప్పుల్లేవు, గెలిచేవాడు లేడు, టైము ఎవరూ చూసుకోకూడదు అని ఇంగ్లీషులో ఒకసారి, తమిళంలో ఒకసారి చెప్తుంటే, జానీ పక్కన నిలబడి తనకి తెలుగులో చెప్పాడు. ఎంత హాయిగా అనిపించిందని! బడిలా ఉంది. కొత్తవాళ్ళకి ఒక గుంపు, కొంచెం వచ్చినవాళ్ళకి ఇంకోటి, బాగా వచ్చినవాళ్ళకి మూడోది. బండ్లు గుయ్యిమని తిరిగొస్తుంటే కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకుంది, పులిహోర ఎవరికో పక్కావిడకి కూడా పెట్టింది. ఆఖరి విడత అయిపోయి వాడు బండి దిగి హెల్మెట్ తీసినప్పుడు చూసింది ఆ మొహం. చెమటకి జుట్టు అతుక్కుపోయి, పెదాలు ఎండిపోయి, కళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి. ఆ మొహం ఆమె అంతకుముందు ఒక్కసారే చూసింది, బాప్తిస్మం రోజు, పాస్టరు అయ్యగారు వాణ్ణి కృష్ణలో ముంచి పైకి లేపినప్పుడు. అప్పుడే భయపడాల్సింది. అన్నిటికీ భయపడే మనిషి, ఇడ్లీకి భయపడే మనిషి, సరిగ్గా భయపడాల్సిన చోట డబ్బా మూత పెట్టుకుంటూ సంతోషపడింది.

ఎందుకు సంతోషపడదు? ఇంటికొచ్చాక వాడు రోడ్డు మీద పెళ్ళికూతురిలా తోలడం మొదలెట్టాడు. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నలు పడకముందే ఆగేవాడు, షేర్ ఆటోల వెనక ఓపిగ్గా వెళ్ళేవాడు, తనని మంగళగిరి చీరల కోసం తీసుకెళ్ళినప్పుడు వారధి మీద స్కూటీలన్నీ దాటిపోతుంటే ఊరుకున్నాడు. "రోడ్డు మీద తోలడం దండగమ్మా," అనేవాడు, "రోడ్డు మీద ఏం తెలుస్తుంది?" కరకట్ట మానేశాడు. ఆ స్నేహితుల్నీ మానేశాడు. దాన్ని ఆమె దేవుని కార్యం అనుకుంది. కొత్త సంవత్సరం ఆరాధనలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. పదో తరగతి దాటని తను, నలుగురిలో గొంతు పెగలని తను, నా కుమారుణ్ణి ప్రభువు రోడ్డు మీదనుంచి తప్పించాడు అని చెప్తే ఆడవాళ్ళంతా చెంగులు కళ్ళకద్దుకున్నారు, అయ్యగారు హల్లెలూయ అన్నారు. వెనక బెంచీలో కూర్చున్న జానీ తల వంచుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుంది. ఆ వంచిన తలకి అర్థం ఇప్పుడు తెలుస్తోంది. అప్పటికే వాడు రెండో గుంపులోకి మారాడు. అప్పటికే హ్యాండిలు మధ్యన అగ్గిపెట్టంత యంత్రం ఒకటి బిగించాడు. "ఏంట్రా ఇది?" అంటే, "ల్యాపు టైము చూపిస్తదమ్మా, ఒక్కో చుట్టుకి ఎంత పట్టిందో." "టైము చూడకూడదన్నారుగా?" "ఇంకోళ్ళది చూడకూడదు. నాది నేను చూసుకుంటా." అన్నం కలుపుతూ అంకెలు గొణిగేవాడు. పోయిన నెల ఇంత, ఈ నెల ఇంత, ఆ రెండో మలుపులో ఇంకొంచెం. దురద తీరుతుందన్నాడే బెన్నీ! గోకినకొద్దీ తీరే దురద ఎక్కడైనా ఉందా? ఎండాకాలానికల్లా మూడో గుంపు. అందులో ఉన్నవాళ్ళు సగం మంది రేసులు తోలేవాళ్ళే, వాళ్ళు పనిలేని రోజుల్లో అక్కడికి చెయ్యి తిప్పుకోవడానికి వస్తారట. వాళ్ళతో కలిసి టీ తాగొచ్చాడు. వాళ్ళ మాటలు ఇంటికి మోసుకొచ్చాడు. ఒకరోజు మోకాలికి కట్టుకునే ప్లాస్టిక్ బిళ్ళ, మలుపుల్లో నేలకి రాసుకుని అరిగిపోయినదాన్ని తెచ్చి టీవీ పక్కన మేనమామ ఫోటో దగ్గర పెట్టి, "ఇంక అక్కడ దాటడానికి ఎవరూ మిగల్లేదమ్మా," అన్నాడు. సంతోషంగా కాదు. బెంగగా. కోచ్ భుజం మీద చెయ్యేసి రేసుల సెలక్షనుకి రమ్మన్నాడని ఆ తర్వాత చెప్పాడు.

మేనమామ ఫోటో దగ్గరే ఎందుకు పెట్టాడో! వాడికేం తెలుసు. సొలొమోను తన తమ్ముడు. ఉయ్యూరు ఫ్యాక్టరీ గేటు దగ్గర సీజనులో చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, ముందు ఆగిన బండిలోంచి లాగేవాడు గడ. ఆగినదే కదా అని ఎవరూ ఏమనలేదు, తనూ తింది. తర్వాత మెల్లగా కదిలేదానిలోంచి. తర్వాత పరిగెత్తుతూ. ఆ పరిగెత్తడం వాడికి ఒక్కరోజులో రాలేదు, ఆగిన బండే నేర్పింది. ఒకరోజు జారి ట్రాక్టరు చక్రం కింద పడ్డాడు; ఆసుపత్రిలో తొడ దాకా గుడ్డ చుట్టి పడుకోబెడితే, కళ్ళు తెరిచి, "అక్కా, గడ ఏదే?" అని అడిగాడు. రెండు రోజులు బతికాడు. అమ్మ ఆ తర్వాత పంచదార ముట్టలేదు, టీ కూడా చప్పగా తాగింది పోయేదాకా. ఇవన్నీ జానీకి చెప్పాల్సింది, చెప్తే అపశకునమని నోరు నొక్కుకుంది. చెప్తే మాత్రం వినేవాడా. సెలక్షనయ్యాక ఫిలిప్ ఒక్క మాటే అన్నాడు, కంచంలో చెయ్యి కడుక్కుంటూ. "నేను తోలేది నలభైమందిని ఇంటికి చేర్చడానికిరా. నువ్వు తోలేది ఎక్కడికీ చేరదు. బయల్దేరిన చోటికే వస్తుంది." జానీ నవ్వాడు. "అవును నాన్నా. ఎంత తొందరగా వస్తుందన్నదే." ఆ నవ్వు ఇంకా ఈ గదిలోనే ఉంది.

ఫోను మోగలేదు. అయిపోయుండాలి ఈపాటికి. పావుగంట కూడా పట్టదన్నాడు. ఆలస్యంగా మొదలై ఉంటుంది. వాన పడిందేమో, తడి మీద జారితే? ఎండే కాస్తోందేమో, ఎండకి టైరు పేలితే? ఇంక ఆగలేక చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. బెన్నీకి చేసింది. అదీ అంతే. ఎవరిదో ఆడగొంతు ఏదో తమిళంలో చెప్పి కట్టయిపోయింది. సరే, పర్వాలేదు, అంది పైకి, గోడతో. నూనె పెట్టాను కదా. ఈ వారమంతా ఆమెని నిలబెట్టింది ఆ ఒక్క నూనే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అయ్యగారు చేతులుంచి ప్రార్థించి ఇచ్చే చిన్న సీసా. పసిపిల్లలకి జ్వరమొస్తే నుదుటికి, కొత్త ఇంటికైతే గుమ్మానికి, కొత్త బండికైతే హ్యాండిలుకి. బెన్నీ వ్యాను తెచ్చి కింద సందులో పెట్టి, బండి ఎక్కించేముందు ఇద్దరూ పైకొచ్చి అన్నం తింటుంటే, మంచినీళ్ళు తెస్తానని చెప్పి తను కిందకి వెళ్ళింది. ట్యాంకు మీద శిలువ గుర్తు వేసింది. హ్యాండిళ్ళకి రాసింది. రెండు టైర్లకీ, చుట్టూ చేయి పట్టినంత మేర. ఆఖరికి ముందు చక్రానికుండే ఆ మెరిసే చిల్లుల పళ్ళెం. జానీయే ఒకసారి చూపించి, "ప్రాణమంతా ఈ డిస్కు మీదే ఉంటదమ్మా," అన్నాడు. ప్రాణం ఎక్కడుంటే అక్కడ పెట్టాలి కదా. అందుకని సీసాలో మిగిలిందంతా వేళ్ళ మీద వంచుకుని దాని రెండువైపులా బాగా పట్టించింది, ప్రభువా, నీ చెయ్యి ఇక్కడ ఉంచు అనుకుంటూ. పైకొచ్చి చేతులు కడుక్కోలేదు, ఆ చేతుల్తోనే వాడి తల నిమిరింది. "తలకి నూనెందుకమ్మా ఇప్పుడు," అని విసుక్కున్నాడు.

ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని మిషను మూత తీసింది. ఆదివారం సూది ముట్టని మనిషి. మంగళగిరి చీరలకి ఫాలు కుట్టాల్సినవి మూటలో ఉన్నాయి, రేపిస్తానని చెప్పింది. మిషను బిరుసుగా ఉంటే నూనె డబ్బా తీసి, ఆ చిల్లులో ఒక చుక్క, ఈ చిల్లులో ఒక చుక్క వేస్తుంటే కింద సందులో ఎవరిదో ఫోను మోగింది, తనదే అనుకుని ఉలిక్కిపడింది, చేతిలో డబ్బా ఒరిగి నూనె తోలు బెల్టు మీద ఒలికింది. తనది కాదు. చెంగుతో పైపైన తుడిచి, చీర అంచు సూది కింద పెట్టి తొక్కింది. కింద పెద్ద చక్రం గిర్రున తిరిగింది. పైన చిన్న చక్రం కదల్లేదు. సూది దిగలేదు. మళ్ళీ తొక్కింది. బెల్టు దాని దారిన అది జారిపోతోంది, చక్రాన్ని పట్టుకోకుండా, మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా. నూనె పడితే బెల్టు పట్టదు, పెళ్ళైన ఏడాది మిషను కొన్నప్పటినుంచీ తెలుసు, పక్కింటి పిల్లలకి కుట్టు నేర్పినప్పుడు మొదట చెప్పే మాట అదే, నూనె పడితే పట్టదే పిల్లా, ముందు సుద్దపొడి రాసి తుడువు. పాదం ఆగిపోయింది. పట్టదు. ఆ పళ్ళెం. బ్రేకు పట్టుకునేది ఆ పళ్ళేన్నే. ప్రాణమంతా దాని మీదే ఉంటుందని అందుకన్నాడు. రెండువైపులా బాగా పట్టించింది. టైర్లకి, నేలని పట్టుకునే చోట. ఒక్కొక్క వేలూ అద్ది. చూపుడు వేలు వైపు చూసుకుంది, ఎవరిదో వేలు చూసినట్టు. అంత వేగంగా వెళ్ళి, మలుపు దగ్గర వాడు బ్రేకు నొక్కి ఉంటాడు, చక్రం మెత్తగా జారిపోయి ఉంటుంది, ఈ బెల్టులాగే, చప్పుడు లేకుండా. లారీ అక్కర్లేదు. గేదె అక్కర్లేదు. ఎదురొచ్చేవాడు అక్కర్లేదు. అమ్మ చాలు. ఇన్నేళ్ళు భయపడి భయపడి, ఎక్కడినుంచి వస్తుందా అని గుమ్మం వైపు చూసి చూసి, అది తన చేతుల్లోంచి వచ్చింది, ప్రార్థన చేసిన చేతుల్లోంచి. శాంభవిగారికి కనీసం తిట్టుకోవడానికి ఒక ట్రాక్టరు ఉంది. ప్రభువా అని మొదలుపెట్టబోయి ఆగిపోయింది. ఏమని అడగాలి, ఆయన్ని అడిగి తెచ్చిందే కదా అది. నేల మీద కూలబడి ఫోను చేసింది, మోగి ఆగింది, చేసింది, మోగి ఆగింది, వేళ్ళకున్న మిషను నూనెకి ఫోను అద్దం మీద వేలు జారి నంబరు పడడం లేదు, చెంగుకి తుడుచుకుని మళ్ళీ చేసింది.

ఈసారి ఎత్తారు. గాలి, మైకులో ఎవరో అరుస్తున్న మాటలు, బండ్ల రొద.

"బెన్నీ? బెన్నీ, బతికున్నాడా?"

"ఉన్నాడాంటీ, ఉన్నాడు! మీరు కంగారు పడకండి. పడ్డాడు. అంబులెన్సులోనే ఉన్నాం, ఇక్కడే ట్రాకులోనే. కాలర్ బోను విరిగింది, పాదం కొంచెం... స్పృహలోనే ఉన్నాడాంటీ."

"నూనె," అంది. "నేను పెట్టాను నాయనా. ఆ డిస్కుకి. టైర్లకి. నేనే."

"అయ్యో, అదా ఆంటీ!" బెన్నీ నవ్వబోయి ఆపుకున్నాడు. "బండి వ్యానులోంచి దించగానే వాడే చూశాడు. ఇది మా అమ్మ పనేరా అన్నాడు. డిస్కంతా కడిగేశాం, బ్రేకు ప్యాడ్లు మార్చాం, టైర్లు ఎలాగూ కొత్తవే వేశాం. ట్యాంకు మీద శిలువ ఒక్కటి తుడవనివ్వలేదు. నూనె వల్ల కాదాంటీ."

"మరి దేనివల్ల పడ్డాడు?"

"దేనివల్లా కాదు. ముందున్నవాణ్ణి దాటుదామని ఆఖరి మలుపులో చివరి క్షణం దాకా బ్రేకు కొట్టలేదు. కావాలనే కొట్టలేదాంటీ."

గుండెలోంచి బండ దిగిపోవాలి. దిగలేదు. ఆ బండ కిందే ఇంకో గొయ్యి కనపడింది, అడుగు లేనిది. తన నూనే అయితే ఎంత బావుండేది. ఆ సీసా పారేస్తే సరిపోయేది, ఆ వేలు నరుక్కుంటే సరిపోయేది, ఇంకెప్పుడూ ముట్టకపోతే వాడింకెప్పుడూ పడడు. కావాలనే కొట్టలేదట. దానికేం మందు రాస్తుంది? ఏ చక్రానికి రాస్తుంది?

"వాడికివ్వు," అంది.

ఫోను చేతులు మారిన చప్పుడు. వాడి ఊపిరి వినపడింది, పంటి బిగువున తీసే ఊపిరి, చిన్నప్పుడు మోకాలికి టించరు రాస్తుంటే తీసినట్టు.

"జానీ. నాన్నా. నేనేమీ అనను. తిట్టను. ఒక్కటి చెప్పు నాకు. ఇంక చాలు కదా నాన్నా? అయిపోయింది కదా?"

అవతల ఊపిరి ఉంది. ఎవరో గట్టిగా తమిళంలో ఏదో అడిగారు, ఇనప తలుపు మూసుకుంది, మైకు గొంతు దూరమైంది. ఆమె చెవికి ఫోను నొక్కిపట్టుకుని కూర్చుంది. మిషను కింద చీర అంచు అలాగే ఉంది. సందులోకి చర్చి నుంచి వచ్చేవాళ్ళ ఆటో ఒకటి మలుపు తిరిగి ఆగింది, మెట్ల మీద బ్లెస్సీ చెప్పుల చప్పుడు మొదలైంది, వచ్చి గుమ్మంలో నిలబడి, తల్లి మొహం చూసి, సంచీ పట్టుకుని అలాగే ఉండిపోయింది. లైను తెగిపోయిందేమోనని హెప్సిబా ఫోను ఒకసారి చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. తెగలేదు.

"అమ్మా," అన్నాడు చివరికి, నొప్పికి మాట మింగుకుంటూ, చాలా మెల్లగా, అదొక్కటీ ఆమెకే చెప్పాలని దాచుకున్నట్టు. "పడకముందు ల్యాపు... రెండు సెకన్లు తగ్గిందమ్మా."